ఊరు మారిన ప్రతిసారీ బియ్యం ఆగుతోంది, మందులు ఆగుతున్నాయి: యానాది యువ జంటలు బయల్దేరే ముందే ఏమేం సరిచూడాలి?

ప్రశ్న: స్వర్ణముఖి_తీరం

అందరికీ నమస్కారం. శ్రీకాళహస్తి, తొట్టంబేడు, ఏర్పేడు మండలాల్లో యానాది కాలనీలకు తిరిగే ఒక చిన్న బృందం తరఫున అడుగుతున్నాను. మేం ముఖ్యంగా చూసేది 18 నుంచి 29 ఏళ్ల వాళ్లను. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఒక బిడ్డ తల్లులు, చదువు మధ్యలో ఆగిన కుర్రాళ్లు. వీళ్లు ఏడాదిలో మూడు నాలుగు చోట్లు మారతారు. సంక్రాంతి దాటాక తిరువళ్లూరు వైపు ఇటుక బట్టీలకు పోతారు. వానలు పడేసరికి తిరిగొస్తారు. కొందరు దామలచెరువు, బంగారుపాళెం వైపు మామిడి తోపుల కావలికి, కాయ కోతకు దిగుతారు. ఇంకొందరు తిరుపతిలో బిల్డింగ్ పనులకు వచ్చి ఊరి అంచుల్లో గుడిసె వేసుకుంటారు. ఆ జాగా ఖాళీ చేయమంటే మళ్లీ ఇంకో చోటు.

మారిన ప్రతిసారీ దాదాపు ఒకే వరసలో తెగుతున్నాయి. మొదట రేషన్ స్టోరు బియ్యం పోతుంది. చేతిలో డబ్బు లేక బట్టీ దగ్గరి అంగట్లో అప్పు మొదలవుతుంది. రోజుకు రెండు పూటల తిండి ఒక పూట అవుతుంది. ఆ తర్వాత టీబీ మాత్రలో, కడుపుతో ఉన్నవాళ్ల ఐరన్ మాత్రలో ఆగిపోతాయి. తిరిగొచ్చేసరికి మనిషి నాలుగైదు కిలోలు తగ్గి ఉంటారు.

మూడు విషయాలు తెలియాలి. ఒకటి, బియ్యం కార్డు విషయంలో బయల్దేరే ముందు ఏం చేయించాలి? పెళ్లయినా పేర్లు ఇంకా అమ్మానాన్నల కార్డులోనే ఉన్నవాళ్లు ఎక్కువ. రెండు, మందులు మధ్యలో ఉన్నవాళ్లను ఎలా పంపాలి? మూడు, చోటు మారడానికీ తిండి తగ్గడానికీ జబ్బుకూ ఉన్న లంకె తేలేలా ఒక చిన్న సర్వే చేయాలనుకుంటున్నాం, ప్రశ్నలు ఎలా పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు: స్టోరుపుస్తకం

కార్డు సంగతి నేను చెప్తాను. ముందు చేయకూడని పని ఒకటుంది. నాలుగైదు నెలల పనికి పోయేవాళ్ల చిరునామా మార్పించొద్దు. ఇంటి స్థలం, పింఛను, ధ్రువపత్రాలు అన్నీ సొంతూరి సచివాలయంలోని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌తో (ఏ ఇంట్లో ఎవరున్నారనే నమోదుతో) ముడిపడి ఉంటాయి. బియ్యం కోసం దాన్ని కదిలించనక్కర్లేదు. మన రాష్ట్రంలో ఏ ఊరి స్టోరులోనైనా కార్డు నంబరు చెప్పి, కార్డులో పేరున్న ఒక్కరు వేలు పెడితే బియ్యం ఇస్తారు. శ్రీకాళహస్తి కార్డుకు పాకాలలోనూ ఇవ్వాల్సిందే. 2025 జూన్ నుంచి ఇంటింటికీ సరుకు తెచ్చే బండ్లు తీసేసి మళ్లీ స్టోర్లలోనే ఇస్తున్నారు కదా. నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. కూలికి పోయేవాళ్లు సాయంత్రం పోవచ్చు. బయటి కార్డులకు చివరి రోజుల్లో స్టాకు లేదనే మాట ఎక్కువ వినబడుతుంది. అందుకే మొదటి వారంలోనే పొమ్మనండి.

తమిళనాడుకు పోతే లెక్క వేరు. అక్కడ చెల్లేది కేంద్ర ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డే. మన రాష్ట్రం సొంతంగా ఇచ్చే కార్డులు కొన్ని ఆ చట్టం కిందికి రావు, అవి రాష్ట్రం దాటితే పనిచేయవు. రెండు కార్డులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది అక్కడికి పోయాకే ఈ సంగతి తెలుసుకుంటారు. బయల్దేరే ముందే మేరా రేషన్ యాప్‌లో కార్డు నంబరు కొట్టి చూడండి, లేదా డీలరునో సచివాలయంలోనో అడగండి. చట్టం కిందిదైతే మనిషికి నెలకు 5 కిలోలు అక్కడ ఉచితంగా వస్తాయి. పంచదార లాంటి రాష్ట్ర సరుకులు రావు. ఇంకో సౌకర్యం, పోయినవాళ్ల వంతు అక్కడా, ఇంట్లో ఉన్న ముసలివాళ్ల వంతు ఇక్కడా విడివిడిగా తీసుకోవచ్చు. మొదట తీసుకునేవాళ్లు మొత్తం లాగేస్తే రెండోవాళ్లకు ఏమీ మిగలదు. ఎవరెంత తీసుకోవాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

వేలిముద్రల బాధ ఈ వయసు వాళ్లకు ప్రత్యేకం. చిన్నప్పుడు ఆధార్ తీసినవాళ్లు 15 ఏళ్లు నిండాక మళ్లీ వేలిముద్రలు, కనుపాప ఇవ్వాలి. బడి మానేసిన పిల్లల్లో చాలామందికి ఈ పని జరగలేదు. మిషన్ ఒప్పుకోకపోతే ఇటుకలు మోసి చర్మం అరిగిందనుకుంటారు. అదీ ఒక కారణమే, కానీ అసలు కారణం పాత ముద్రలు కావచ్చు. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ రూ. 125, ఫోన్ నంబరు మార్పు రూ. 75. ముద్ర పడని రోజు స్టోరులో కనుపాప పెట్టి చూడమని అడగండి. ఇద్దరికీ పడదనుకున్న జంటను మాత్రం ఈ పని కాకుండా పంపకండి.

ఇక చాలామందికి తెలియని ప్రమాదం. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన సవరణ ప్రకారం ఆరు నెలలు వరసగా సరుకు తీసుకోని కార్డును నిలిపేసి విచారణకు పెడతారు. ఇటుక బట్టీ సీజను దాదాపు అంతే. ఇంటిల్లిపాదీ తాళం వేసి పోయి, అక్కడ ఒక్క నెల కూడా తీసుకోకపోతే తిరిగొచ్చేసరికి కార్డు ఆగి ఉండొచ్చు. మధ్యలో ఒక్కసారైనా, ఎక్కడైనా సరే, వేలు పెట్టించండి. ఈ-కేవైసీ (వేలు పెట్టి ఆధార్‌తో సరిచూడటం) కూడా ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. అది స్టోరులోనే అవుతుంది, ఖర్చు లేదు.

పెళ్లయినవాళ్ల కార్డు విడగొట్టే విషయం. వరస తప్పితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ముందు సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ విడగొట్టాలి. అమ్మాయి పేరు పుట్టింటి మ్యాపింగ్ నుంచి ఇటు రావాలి. ఆ తర్వాతే కార్డు విభజనకు పెట్టాలి. ఇద్దరి ఆధార్, పాత కార్డు నంబర్లు చాలు. దరఖాస్తు నంబరు రాసిన రసీదు తీసుకోండి. గడువు 21 రోజులు. చివరి ఆమోదం తహసీల్దారుది. ఈ మధ్యలో ఈ-కేవైసీకి మనిషి ఊళ్లో ఉండాలి కాబట్టి బట్టీకి పోయే ముందు వారం పెడితే లాభం లేదు. దసరా, దీపావళి నాటికే మొదలుపెట్టండి.

కార్డు విడగొడితే అంత్యోదయ (మరీ పేద కుటుంబాలకిచ్చే కార్డు) పోతుందని భయపడి ఆపేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి. అంత్యోదయ కార్డుకు ఇంట్లో ఎంతమంది ఉన్నా 35 కిలోలే. ఆరుగురున్న ఇంట్లోంచి జంట విడిపోతే పెద్దవాళ్లకు ఆ 35 ఉంటాయి, జంటకు సాధారణ కార్డు మీద 10 వస్తాయి. మొత్తం 45. ఆ ఇంటికి నష్టం లేదు. అంత్యోదయ ఎవరి పేరున మిగలాలో మాత్రం దరఖాస్తులోనే తేల్చుకోవాలి. ముసలివాళ్ల పేరునే ఉంచండి, ఎక్కువ కాలం ఊళ్లో ఉండేది వాళ్లే.

ఎక్కడైనా డీలరు కాదంటే రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేయమనండి.

జవాబు: తెమడపరీక్ష

మందుల సంగతి. చోటు మారేవాళ్లలో టీబీ మందులు ఎందుకు ఆగుతాయో చూస్తే, మాత్రలు దొరక్క ఆపేవాళ్లు కొందరు. ఖాళీ కడుపుతో మింగి, వాంతి వచ్చి, పనికి పోలేక ఆపేవాళ్లు ఇంకెందరో. తిండి ఆగిన వారం పదిరోజుల్లోనే మందు ఆగుతుంది. కాబట్టి పైన స్టోరుపుస్తకం గారు చెప్పిన పని అవ్వకుండా మందుల సంచి ఒక్కటీ ఇచ్చి పంపితే ప్రయోజనం తక్కువ.

మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. రోజుకు ఎన్ని మాత్రలనేది బరువును బట్టి. 25 నుంచి 34 కిలోల వాళ్లకు 2, 35 నుంచి 49 దాకా 3, 50 నుంచి 64 దాకా 4. చికిత్సలో బరువు పెరిగి పై మెట్టుకు పోతే మాత్రలు పెంచాలి, తగ్గితే తగ్గించాలి. చోటు మారినవాళ్లకు ఇది జరగదు, ఎందుకంటే అక్కడ తూచేవాళ్లు ఉండరు. పంపే ముందు తూచి, బరువు, తేదీ, మాత్రల సంఖ్య చికిత్స కార్డు మీద రాయండి.

నిక్షయ్ (టీబీ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరు) ఐడీ దేశమంతా ఒకటే. తిరువళ్లూరుకు పోయేవాళ్ల పేరును ఇక్కడి టీబీ సూపర్‌వైజర్ నిక్షయ్‌లోనే అక్కడి ఆసుపత్రికి బదిలీ చేయగలరు. అందుకు బట్టీ ఏ ఊరికి దగ్గరో తెలియాలి. ‘చెన్నై దగ్గర’ అంటే చాలదు, తాలూకా పేరైనా కావాలి. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఫోన్ నంబరు తీసుకుంటే అతనే చెప్తాడు. బదిలీ అక్కడ అందుకునేదాకా మధ్యలో ఖాళీ రాకుండా ఒక నెల మాత్రలు ఎక్కువ ఇవ్వమని అడగండి. మూడు ఫొటోలు వాళ్ల ఫోన్లో ఉండాలి: నిక్షయ్ ఐడీ, చికిత్స కార్డు, మాత్రల పట్టీ. ఫోన్ పోవచ్చు కాబట్టి ఐడీని ఆధార్ జిరాక్స్ వెనక కూడా రాయండి. దారి తెలియకపోతే టీబీ హెల్ప్‌లైన్ 1800 11 6666కు చేయొచ్చు.

మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే భయం లేదు, మందు వల్లే. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల మానేసినవాళ్లున్నారు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం మాత్రలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. మద్యం తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

టీబీ రోగి తిండికిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు రూ. 1,000. జబ్బు తేలగానే రూ. 3,000, చికిత్స 84 రోజులు పూర్తయ్యాక ఇంకో రూ. 3,000 ఇస్తారు. ఈ డబ్బు ఆధార్ ద్వారా వేస్తే, ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలో పడుతుంది. బట్టీ దగ్గర ఎవరో కొత్త ఖాతా తెరిపిస్తే డబ్బు అందులోకి పోవచ్చు, పాస్‌పుస్తకం, ఏటీఎం కార్డు ఇంకొకరి చేతిలో ఉంటాయి. కొత్త ఖాతా వద్దని గట్టిగా చెప్పండి. ఇక్కడే పోస్టాఫీసు బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయిస్తే ఏ ఊరి పోస్ట్‌మ్యాన్ దగ్గరైనా వేలు పెట్టి తీసుకోవచ్చు.

తిండికీ టీబీకీ ఉన్న లంకె గురించి అడిగారు. దానికి మన దేశంలోనే గట్టి రుజువు ఉంది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో జరిగిన ‘రేషన్స్’ అనే పరిశోధన, ఫలితాలు 2023లో వచ్చాయి. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలే. రోగి ఇంట్లోవాళ్లకు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇవ్వని ఇళ్లతో పోలిస్తే కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల విషయంలో, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ. 40 కిలోల కుర్రాడికి 5 శాతం అంటే 2 కిలోలు. ఆ రెండు కిలోలు పెరగాల్సిన కాలం బట్టీలో గడిస్తే ఏమవుతుందో ఆలోచించండి. చికిత్స మొదటి రెండు నెలలు ఎలాగైనా ఊళ్లో ఉంచగలిగితే ఉంచండి. నా దృష్టిలో మీ బృందం చేయగల పనుల్లో ఇదే అన్నిటికంటే విలువైనది.

కడుపుతో ఉన్నవాళ్లకు: తల్లీబిడ్డ కార్డు, దాని మీది ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా నమోదైన నంబరు) వెంట ఉండాలి. మిగిలిన నెలలన్నిటికీ లెక్కగట్టి ఐరన్ మాత్రలు కట్టివ్వండి. క్యాల్షియం మాత్ర ఐరన్‌తో కలిపి వేయకూడదు, ఐరన్ మాత్ర టీతో అసలే వద్దు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే వెంటనే ఆసుపత్రిలో చూపించాల్సిన స్థితి, ప్రయాణం మాటే ఎత్తకూడదు. అంగన్‌వాడీ వాళ్లు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు ఉంటే వేరే ఊరి అంగన్‌వాడీకి మార్చొచ్చు. అంగన్‌వాడీ టీచరు ఇక్కడ పేరు కొట్టేయకుండా బదిలీ పెట్టేలా చూడండి, కొట్టేస్తే అక్కడ మొదటినుంచి మొదలవుతుంది.

మగపిల్లలకు ఎవరూ రక్తపరీక్ష చేయరు. వాళ్లకు 13 కంటే తక్కువైతే రక్తహీనతే. బయల్దేరే ముందు శిబిరం పెడితే వాళ్లనూ కలపండి. తోపుల కావలికి పోయేవాళ్లకు ఇంకో మాట: జ్వరం ఐదు రోజులు దాటి, చంకలోనో గజ్జలోనో నల్లటి పొక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) అనుమానించాలి. ఆ పొక్కును డాక్టరుకు చూపించమనండి, వాళ్లంతట వాళ్లు చూపించరు.

జవాబు: రాగిసంగటి

తిండి లెక్క ఒకసారి చూద్దాం, అప్పుడు 5 కిలోల బియ్యం ఎంత దూరం వస్తాయో తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో బరువు పని చేసే మగవాళ్లకు రోజుకు 3,470 కిలోకేలరీలు, ఆడవాళ్లకు 2,720. 5 కిలోల బియ్యంలో సుమారు 17,500 ఉంటాయి. అంటే ఇటుకలు కోసే మనిషికి ఐదు రోజుల శక్తి. ఆ లెక్కలు 65, 55 కిలోల మనుషులకు వేసినవి, మన పిల్లలు అంతకంటే సన్నం కాబట్టి ఇంకో రోజు కలపండి. కార్డు సక్రమంగా పనిచేసినా నెలలో మూడు వంతులకు పైగా కొనుక్కునే తినాలి.

అసలు కరువు మొదటి పదిహేను రోజుల్లో. పని మొదలై వారం బత్తా (తిండి ఖర్చుకిచ్చే డబ్బు) చేతికొచ్చేదాకా అంగట్లో అప్పే. ఆ పదిహేను రోజుల తిండి ఇంటినుంచే పట్టుకుపోగలిగితే ఆ అప్పులో పడరు. ఇద్దరికి ఇలా: బియ్యం 12 కిలోలు, రాగిపిండి 5 కిలోలు, కందిపప్పు 2 కిలోలు, వేరుశనక్కాయల పప్పు 2 కిలోలు, నూనె 1 లీటరు, బెల్లం 1 కిలో, అక్కడ కొనుక్కోవడానికి 30 గుడ్ల డబ్బు. మొత్తం సుమారు 90,000 కిలోకేలరీలు, ఇద్దరి పదిహేను రోజుల అవసరానికి దగ్గరగా వస్తుంది. మూట 23 కిలోలు. మేస్త్రీ లారీలో వేసుకోనిస్తాడు.

బియ్యం తగ్గించైనా పప్పు, శనక్కాయలు తగ్గించకండి. డబ్బు తగ్గినప్పుడు ఇంట్లో మొదట పోయేవి అవే, ఒట్టి అన్నం, మిరపకాయ కారం మిగులుతాయి. కడుపు నిండుతుంది, కండ కరుగుతుంది. రాగులు మన చిత్తూరు వైపు అలవాటైన తిండే, సంగటి పొద్దున తిని పోతే మధ్యాహ్నందాకా ఆగుతుంది. పిండి పట్టించి నెల దాటితే చేదెక్కుతుంది, పోయే ముందు వారంలోనే పట్టించండి.

చోటును బట్టి తిండి ఎలా మారుతుందో గమనించండి. చెరువులు, మడికయ్యలు ఉన్న చోట యానాదులకు చేపలు, నత్తలు, ఎండ్రకాయలు, ఎలుకలు, ఆకుకూరలు చేతికి దొరుకుతాయి. అవి డబ్బు పెట్టని మాంసకృత్తులు. బట్టీలోనూ బిల్డింగ్ పనుల దగ్గరా అవి ఏవీ లేవు, ఉప్పు దగ్గర్నుంచి కొనాల్సిందే. ఒకే కూలి వచ్చినా రెండు చోట్ల తిండి ఒకటి కాదు. ఇది సర్వేలో పట్టుకోకపోతే అసలు సంగతి జారిపోతుంది.

తిరుపతిలో ఉన్నవాళ్లకు అన్న క్యాంటీన్లు ఉన్నాయి, పూటకు రూ. 5. ఆదివారం మూసి ఉంటాయి, ఆ రోజుకు ముందే చూసుకోవాలి. రుయా ప్రభుత్వాసుపత్రిలో ఎవరినైనా చేర్చితే తోడున్నవాళ్లకు టీటీడీ అన్నప్రసాదం ఉంటుంది. ఆసుపత్రిలో వారం ఉండలేక మధ్యలో వెళ్లిపోయేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

జవాబు: విడుదలపత్రం

పనికి ముందే చేతిలో పెట్టే అడ్వాన్సు గురించి ఎవరూ రాయలేదు. తిండి తగ్గడానికి అదే మూలం. బత్తా ఎంత, కూలిలో పట్టుకునే కోత ఎంత అనేది అడ్వాన్సు తీసుకున్న రోజే రాసుకోవాలి. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, అడ్వాన్సు, వెయ్యి ఇటుకలకు రేటు, వారం వారం చేతికిచ్చింది, అంగటి అప్పు. రాయడం రానివాళ్లకు ఫోన్లో మాట రికార్డు చేసుకోవడం నేర్పండి.

అడ్వాన్సు తీరలేదని బయటికి పోనివ్వకపోతే, ఆసుపత్రికి కూడా ఒక్కరినే పంపి ఇంకొకరిని ఆపుకుంటే, అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వెట్టి. ఆ అప్పు తీర్చాల్సిన బాధ్యత చట్టం దృష్టిలో రద్దయినట్టే. ఫిర్యాదు ఇవ్వాల్సింది బట్టీ ఉన్న చోటి ఆర్‌డీఓకు లేదా సబ్‌కలెక్టరుకు, మన ఊరి తహసీల్దారుకు కాదు. ఇక్కడే చాలామంది వారాలు పోగొట్టుకుంటారు. ఉచిత న్యాయ సహాయానికి 15100. విడిపించాక విడుదల పత్రం (వెట్టి నుంచి విడిపించినట్టు అధికారి రాసిచ్చేది) చేతికి రాకుండా ఊరికి తీసుకురావొద్దు. తక్షణ సాయం రూ. 30,000 దాకా, ఆ పైన పునరావాసం మగవాళ్లకు రూ. 1 లక్ష, ఆడవాళ్లకు రూ. 2 లక్షలు, అన్నీ ఆ కాగితం మీదే నడుస్తాయి. అది లేకుండా బస్సెక్కించి పంపేస్తే వచ్చే ఏడాది మళ్లీ అదే బట్టీకి పోతారు.

జవాబు: ఒకేపొయ్యి

సర్వే గురించి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాడే ఎనిమిది ప్రశ్నల కొలబద్ద ఉంది, అది తీసుకోండి, సొంతంగా తయారుచేయకండి. తిండి సరిపోదేమోనని దిగులు పడ్డారా, మంచి తిండి తినలేకపోయారా, తిన్నదే తిన్నారా, పూట మానేశారా, తినాల్సినదానికంటే తక్కువ తిన్నారా, ఇంట్లో తిండి అయిపోయిందా, ఆకలేసినా తినలేదా, ఒక పగలూ రాత్రీ ఏమీ తినకుండా ఉన్నారా. ప్రతిదానికీ ‘డబ్బు లేక’ అనే మాట ఉండాలి, లేకపోతే ఉపవాసాలు కూడా కలిసిపోతాయి.

మామూలుగా ఇవి గడిచిన 12 నెలలకు అడుగుతారు. ఏడాదిలో నాలుగు చోట్లు మారినవాళ్లకు అది పనికిరాదు, బట్టీ ఆకలి, ఊరి ఆకలి కలిసిపోతాయి. గడిచిన 30 రోజులకు అడగండి, రెండుసార్లు అడగండి: ఒకసారి బట్టీలో ఉండగా, ఒకసారి తిరిగొచ్చి రెండు నెలలయ్యాక. ఇంకో మెలిక, బియ్యం నెల మొదటి పక్షంలో వస్తాయి కాబట్టి 5వ తేదీన అడిగితే ఒక జవాబు, 28న అడిగితే ఇంకో జవాబు. 30 రోజులకని అడిగినా మనుషులు నిన్నా మొన్నా గడిచిందాన్నే తలచుకుని చెప్తారు. ఇళ్లన్నిటికీ ఒకే వారంలో అడగండి.

చోటు మారడాన్ని ‘ఎన్ని ఇళ్లు మారారు’ అని అడిగితే సున్నా అంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో ఇల్లు కాలనీలో ఉన్నదే. సంక్రాంతి నుంచి ఎక్కడెక్కడ పడుకున్నారో వరసగా చెప్పించండి. 14 రాత్రులకు మించి ఉన్న ప్రతి చోటూ ఒక మార్పు. ఒక్కోదానికి నాలుగు సంగతులు: ఎవరు నిర్ణయించారు, ఖాళీ చేయమన్నారా వాళ్లే పోయారా, పైకప్పు ఏమిటి, తాగునీళ్లు ఎక్కడివి. పని కోసం ఇష్టపడి పోవడం, తరిమితే పోవడం ఒకటి కావు. రెండిటినీ ఒకే అంకెలో కలిపితే మీ సర్వే ఏమీ చెప్పదు.

కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద వండుకు తిన్నవాళ్లు, కార్డులో పేరున్నవాళ్లు కాదు. మొగుడు పక్కన కూర్చుంటే ఆడవాళ్లు పూట మానేసిన సంగతి చెప్పరు, విడిగా అడగండి. ఆడవాళ్లకు నిన్నటి తిండి పది గుంపుల పట్టికతో అడగండి. ధాన్యాలు, పప్పులు, గింజలు, పాలు, మాంసం చేపలు, గుడ్లు, ఆకుకూరలు, పసుపు ఎరుపు పండ్లు కూరగాయలు, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు. ఐదు కంటే తక్కువైతే చాలదు. నత్తలు, ఎలుకలు మాంసం గుంపులోకే వస్తాయి. మీరు మొహం చిట్లిస్తే ఆ జవాబు ఇంకెప్పటికీ రాదు.

ఆరోగ్యానికి బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్ చాలు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే 18.5 కంటే తక్కువ వచ్చినవాళ్లు బక్కవాళ్లు. జబ్బు వల్లే పని మానుకుని చోటు మారినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఏది ముందు జరిగిందో నెలతో సహా రాయండి. ఇది రాయకపోతే చోటు మారడమే జబ్బు తెచ్చిందని చెప్పే హక్కు మీకు ఉండదు.

ప్రశ్న అడిగినవారు: స్వర్ణముఖి_తీరం

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం. 19, 20 ఏళ్లు వచ్చినా ఆధార్ లేని పిల్లలు ఇంకా ఉన్నారు. పుట్టింది గుడిసెలో, బడికి పోలేదు, ఏ కాగితమూ లేదు. వాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: స్టోరుపుస్తకం

జనన నమోదుతో. పుట్టి ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, మన దగ్గర ఆ పని ఆర్‌డీఓ ఆఫీసులో అవుతుంది. అంతకు ముందు పంచాయతీ కార్యదర్శి నుంచి ‘నమోదు కాలేదు’ అనే పత్రం, అమ్మానాన్నల ఆధార్, వయసు తెలిపే ఏదో ఒక ఆధారం పెట్టండి. తల్లి పాత టీకా కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు, ఏదైనా సరే. అంగన్‌వాడీ పాత రిజిస్టర్లు వెతికించండి, ఆ కాలనీ పిల్లల పేర్లు అందులో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కొక్కరిగా తిప్పకుండా కాలనీ అంతటి జాబితా ఒకేసారి ఇవ్వండి, ఉత్తర్వులు కట్టగా వస్తాయి. 18 దాటినవాళ్ల కొత్త ఆధార్‌కు క్షేత్ర విచారణ ఉంటుంది, ఆ విచారణకు వచ్చినప్పుడు మనిషి కాలనీలో లేకపోతే దరఖాస్తు పోతుంది. అందుకని వానాకాలంలో, అందరూ తిరిగొచ్చి ఉన్నప్పుడు పెట్టండి. ఉత్తర్వులో అమ్మాయిల ఇంటిపేరు పుట్టింటిదో అత్తింటిదో ఒక్కటే ఉండేలా చూసుకోండి. ఆధార్‌లో ఒకటి, కార్డులో ఒకటి పడితే మ్యాపింగ్ దగ్గర మళ్లీ ఆగుతుంది.